నమూనా కాగితముపై వ్రాయవలసిన మాట

మానవునకు అన్నము తరువాత కావలసినది వస్త్రము. మగ్గము నుండి వచ్చిన గుడ్డ చదునుగ నుండును. శరీరము ఎత్తుపల్లములు గలది. చదునైన గుడ్డను కత్తిరించి, కుట్టి, శరీరమునకు అమరునట్లు చేయుటయే దర్జీ విద్య. చీర, ధోవతి, కండువా మున్నగువానిని నేసినవి నేసినట్లే ధరింపవచ్చును. చొక్కాకును, రవికెకును, లాల్చీకిని మాత్రము కత్తెరయు సూదియు తప్పవు.

ఈ విద్యలో తప్పులన్నియు ఒక్క తీరువి కావు. కుట్టు వంకరపోయినచో విప్పి మరల కుట్టవచ్చును. కత్తిరింపు తప్పినచో ఆ గుడ్డ మరల అతుకదు. పండుగకు కొన్న గుడ్డ యొక్క క్షణములో పనికిమాలినదగును. కావున కత్తెర పట్టుటకు ముందే, చేయబోవు పని తనకు సాధ్యమగునో కాదో తెలిసికొనుట మిక్కిలి అవసరము. అనుభవము గల దర్జీకి ఈ సందేహము కలుగదు. అతడు టేపుతో కొలతలు తీసికొనియో, ఇంటివారు తెచ్చియిచ్చిన ఆది చొక్కాను చూచియో, సుద్దతో గుడ్డమీదనే గీతలు గీసి కత్తిరించును. క్రొత్తగా నేర్చుకొనువారికి అట్టి చూపు ఉండదు. వారికి ఆధారము నమూనా కాగితము.

వస్త్రమునందలి ఒక్కొక్క భాగమును దాని ఆకారములో కత్తిరించిన కాగితమే నమూనా. దానిని గుడ్డపై పరచి, గుండుసూదులు గ్రుచ్చి, అంచువెంబడి కత్తిరింతురు. నమూనాలను గ్రంథస్థము చేయుట ప్రాచీనమైనదే. 1580లో స్పెయిన్ దేశమున హువాన్ దె అల్సేగా అను దర్జీ ప్రకటించిన గ్రంథములో, వస్త్రభాగములను గుడ్డపై ఏ విధముగ పేర్చవలెనో తెలుపు పటములు కలవు. కాని యది వృత్తి తెలిసిన దర్జీలకు ఉపయోగించునదే. ఇంటిలో కుట్టుకొను సామాన్యులకు నమూనాలు విరివిగా అందుబాటులోనికి వచ్చినది పందొమ్మిదవ శతాబ్దమునందు.

అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున, స్టెర్లింగు అను ఊరిలో, ఎబినీజరు బటరిక్కు అను దర్జీ యుండెను. అంతకుముందును నమూనాలు అమ్ముడగుచుండెడివి గాని, అవి సామాన్యముగ ఒకే కొలతలో నుండెడివి. వానిని పెంచుకొనుటయు తగ్గించుకొనుటయు కొన్నవారి పనియే. బటరిక్కు 1863లో ఒకే వస్త్రమునకు వేరువేరు కొలతలలో నమూనాలను తయారుచేసి అమ్మనారంభించెను. ఈ యాలోచనకు అతని భార్య ఎలెన్ కారణమని చెప్పుదురు. దీనితో “ఇది నాకు సరిపోవునా?” అను మొదటి ప్రశ్నకు సమాధానము దొరకెను.

ఆ కాలపు నమూనాలు పలుచని కాగితముతో చేసినవి. వానిపై అక్షరములు ముద్రింపబడి యుండెడివి కావు. చిన్నచిన్న రంధ్రములే గుర్తులు. ఏ రంధ్రము దేనికో ఎరిగినవారికే అవి ఉపయోగపడెడివి. 1919లో బటరిక్కు సంస్థ ‘డెల్టార్’ అను పేరుతో, కుట్టు క్రమమును బొమ్మలతో వివరించు కాగితమును నమూనాకు జతపరచెను. “దీనిని ఎట్లు కుట్టవలెను?” అను రెండవ ప్రశ్నకు ఇది సమాధానము.

మూడవ ప్రశ్న మిగిలియుండెను. “దీనిని నేను కుట్టగలనా?”

దీనికిని ఆయా సంస్థలు సమాధానము చెప్ప యత్నించినవి. వోగ్ నమూనాల కవరులపై ‘చాల సులభము’, ‘సులభము’, ‘మధ్యమము’, ‘ప్రౌఢము’ అను అర్థము గల మాటలను ముద్రించిరి. జర్మనీ దేశమున ఎన్నె బుర్డా 1950లో ప్రారంభించిన ‘బుర్డా మోడెన్’ పత్రిక నుండి ఎదిగిన సంస్థ, కష్టమును చుక్కలతో సూచించు పద్ధతిని అనుసరించెను. చుక్కలు పెరిగినకొలది కష్టము పెరుగును. ఏ సూచనయు లేకుండుటకంటె ఇది మేలే.

అయినను ‘సులభము’ అను మాటలో ఒక లోపము కలదు. అది ఎవరికి సులభము? పది చొక్కాలు కుట్టినవానికి కాలరు సులభము. ఒక్కటియు కుట్టనివానికి అదియే కొండ. తునకల సంఖ్యను బట్టి కష్టమును నిర్ణయించుటయు సరికాదు. కుచ్చిళ్ళ లంగాకు పట్టీలతో కలిపి ఆరు తునకలు ఉండవచ్చును. అన్నియు నేరు అంచులు గలవే. రెండే తునకల పైవస్త్రమునకు లోతైన గుండ్రని మెడ యున్నచో, ఆ మెడ సాగకుండ, ముడుత పడకుండ పట్టీ వేయుట నేర్పు గలవారి పని. గుడ్డను బట్టియు కష్టము మారును. నూలు గుడ్డపై తేలికగ సాగిన కుట్టు, జారిపోవు సాటినుపై సాగదు. ఇంతేకాక, అమ్మువానికి తన సరకును సులభమనియే చెప్పవలెనను ఆశ యుండుట సహజము. ఆ మాట నమ్మి కొన్నవారు గుడ్డను పాడుచేసికొన్నపుడు, లోపము కాగితముపైని మాటలో నున్నదని తలంపక, “నాకు ఈ విద్య రాదు” అని నిరాశపడి సూదిని విడిచిపెట్టుదురు. గుడ్డ నష్టముకంటె ఈ నష్టము పెద్దది.

దీనికి మేలైన మార్గమొకటి కలదు. కష్టమును కొలుచుటకు మారుగా, ఆ వస్త్రములో ఏయే పనులు వచ్చునో వాని పేర్లనే నమూనాపై వ్రాయవలెను. నాడా పావడాను తీసికొందము. దాని నమూనాపై ‘నేరు కుట్టు, అంచు మడత, నాడా దూర్చు మడత’ అని వ్రాసిన చాలును. నిండు చేతుల చొక్కాకైనచో ‘భుజపు పట్టీ, నిలువు పట్టీతో కూడిన కాలరు, చేయి అతుకుట, చేతి చీలిక పట్టీ, కఫు, జేబు, కాజాలు, గుండీలు’ అని వ్రాయవలెను. క్రాసుకట్టు రవికెకైనచో ‘ఏటవాలు కత్తిరింపు, డార్టులు, మెడ పట్టీ, చేయి అతుకుట, హుక్కులు’ అని వ్రాయవలెను.

ఇట్టి పేర్ల వెనుక ఒక్కొక్క విద్య దాగియున్నది. ‘ఏటవాలు కత్తిరింపు’ అనగా పడుగు, పేక పోగులకు నలుబది యైదు డిగ్రీల వాలుగ గుడ్డను కత్తిరించుట. అట్టి వాలున గుడ్డ మిక్కిలి సాగును. అందువలననే రవికె శరీరమునకు చక్కగ అమరును. అందువలననే చేతికి అలవాటు లేనివారు కుట్టుచుండగనే అది సాగి వంకరపోవును. ‘చేయి అతుకుట’ అన్న మాట చిన్నదే. కాని చేతి పైభాగపు వంపు, పెక్కు నమూనాలలో, చంక చుట్టుకొలతకన్న కొంచెము పొడవుగ నుండును. ఆ హెచ్చు భాగమును ముడుతలు కనబడకుండ ఇముడ్చుచు కుట్టవలెను. మొదట కచ్చాకుట్టు వేసి, చూచుకొని, తరువాత మిషనుపై కుట్టినచో తప్పు తగ్గును. పేరు చదివినవారికి ఈ విషయమును ఎవరినైన అడుగుటకు, లేక పాతగుడ్డపై ఒకసారి చేసి చూచుటకు అవకాశము కలుగును. ‘ప్రౌఢము’ అని మాత్రమే యున్నచో అడుగవలసినది ఏమియో తెలియదు.

పది పేర్లు ఒక్కచోట చూచి నేర్చుకొనువారు బెదరుదురేమో యని కొందరు శంకింపవచ్చును. ఆ శంక సమంజసమే. కనుక పేర్లను రెండు వరుసలుగ వ్రాయుట మంచిది. మొదటి వరుసలో ముందే తెలిసియుండవలసిన పనులు. రెండవ వరుసలో ఈ వస్త్రముతో క్రొత్తగా నేర్చుకొను పనులు. రెండవ వరుసలో ఒకటి రెండు పేర్లకు మించకుండునట్లు నమూనాలను ఎన్నుకొన్నచో, అదియే పాఠక్రమమగును. దిండు గలీబుతో నేరు కుట్టును, అంచు మడతయు వచ్చును. నాడా పావడాతో నాడా మడత వచ్చును. లంగాతో కుచ్చిళ్ళును, నడుము పట్టీయు వచ్చును. పసిపిల్లల గౌనుతో మెడ పట్టీయు, లాల్చీతో చేయి అతుకుటయు వచ్చును. ఇవి వచ్చిన తరువాత రవికెను గాని చొక్కాను గాని చేపట్టినచో, అందులో క్రొత్తవి కొన్నియే మిగులును. ఏ గుడ్డ తగునో కూడ నమూనాపై వ్రాసినచో మరింత మేలు.

తెలుగునాట ఈ క్రమము అపరిచితమైనది కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ప్రభుత్వ పరీక్షల శాఖవారు జరుపు టైలరింగు పరీక్షలలో లోయరు, హయ్యరు అను రెండు మెట్లు కలవు. అక్షరాభ్యాసమున మరింత స్పష్టమైన నిదర్శనము కలదు. తెలుగు వాచకములలో మొదట అక్షరములు, పిదప గుణింతములు, ఆ పిదప ఒత్తులు వచ్చును. ‘రెండక్షరముల పదములు’, ‘మూడక్షరముల పదములు’ అని పాఠముల కెగువ వ్రాయుదురు. ‘సులభ పాఠము’, ‘కష్ట పాఠము’ అని వ్రాయరు. ఒత్తులు రాని బాలుడు ఒత్తుల పాఠమును తెరచినపుడు, తాను మందబుద్ధినని తలంపడు. ఒత్తులు నేర్చుకొనవలెనని తలంచును.

కుట్టుపనియందును అట్లే జరుగవలెను. ‘కాలరు’ అని చదివిన బాలిక, తనకు కాలరు రాదని గ్రహించి, ఆ నమూనాను ప్రక్కనుంచి, పాత దుప్పటి ముక్కపై రెండు కాలరులు కుట్టి చూచును. మూడవది కొంత చక్కగ వచ్చును. అప్పుడు క్రొత్త గుడ్డను పరచి, నమూనాను గ్రుచ్చి, కత్తెరను చేతబట్టును. ఆమె చేయి వణకదు. గుడ్డ వృథా కాదు.