కొత్త గదికి పునాది ఎంత లోతు?

పిల్లలూ! మీ ఊళ్లో పాత ఇంటికి కలిపి కట్టిన గదినో, వసారానో ఒకసారి జాగ్రత్తగా చూడండి. పాత గోడ, కొత్త గోడ కలిసే చోట పైనుంచి కిందికి బీట ఏమైనా కనిపిస్తోందా? మా ఇంట్లో కనిపించింది.

మాది నల్లరేగడి నేల. మా పాత ఇంటి పక్కన నాలుగు ఇటుక స్తంభాలు లేపి, పైన స్లాబు వేయించి, ఒక గది కలుపుకొన్నాం. పునాది మూరెడు లోతు చాలునన్నది నేనే. రెండో వేసవికి అతుకు దగ్గర గోడ విడింది. వేలు దూరేంత సందు! వానలు పడగానే అది సన్నబడేది, ఎండలకు మళ్లీ విచ్చుకొనేది. ఆ గదిలోనే మా అమ్మ మంచం ఉండేది. సైన్సు పాఠాలు చెప్పే నేను లెక్క వేయకుండా కట్టించాను. ఆ లెక్క ఇప్పుడు మీకు చెబుతాను.

బరువు, పీడనం

ఒక ఇటుక పొడవు 23, వెడల్పు 11, మందం 7 సెం.మీ. అనుకోండి. తడి ఇసుకపై పడుకోబెడితే అది 253 చ.సెం.మీ. మేర ఆనుతుంది. నిలువుగా నిలబెడితే 77 చ.సెం.మీ. మాత్రమే. బరువు అదే, కాని పీడనం మూడు రెట్లకు పైగా పెరిగింది. కాబట్టి ఇటుక ఎక్కువ లోతుకు దిగుతుంది.

ఇప్పుడు 23 సెం.మీ. చదరపు స్తంభం మీద 30,000 న్యూటన్ల బరువు ఉందనుకోండి. దానిని నేలపై నేరుగా నిలబెడితే ఆనే వైశాల్యం 0.053 చ.మీ. పీడనం చదరపు మీటరుకు సుమారు 5,66,000 న్యూటన్లు. అడుగున 90 సెం.మీ. చదరంగా కాంక్రీటు వేసి, మెట్లు మెట్లుగా ఇటుక కట్టుకుంటూ వస్తే వైశాల్యం 0.81 చ.మీ. అవుతుంది. పీడనం సుమారు 37,000కు తగ్గిపోతుంది! (పునాది సొంత బరువును ఈ లెక్కలో వదిలేశాను.)

మరి నేల ఎంత మోయగలదు? ఇంజనీర్లు తొలి అంచనాకు వాడే పట్టికలో ఒక తమాషా కొలబద్ద ఉంది. అది మన బొటనవేలే! ఓ మోస్తరుగా నొక్కితే గుంట పడే మెత్తని బంకమట్టి చదరపు మీటరుకు 1,00,000 న్యూటన్లు మోస్తుందని అంచనా. వేలు కొన్ని సెంటీమీటర్లు దిగిపోయే మట్టి అయితే 50,000 మాత్రమే. నల్లరేగడికి మాత్రం ఈ అంచనా చాలదు. ఆ నేలను పరీక్షించే నిర్ణయించాలి.

లోతు ఎందుకు?

పునాది సహజ నేలమట్టానికి కనీసం 50 సెం.మీ. దిగువకు వెళ్లాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. అమెరికాలో చలిప్రాంతాలవారు మంచు గడ్డకట్టే లోతుకన్నా దిగువకు వెళ్లాలి. నేలలోని నీరు గడ్డకడితే అది పునాదిని పైకి ఎత్తుతుంది. మన నల్లరేగడిలో ఆ పని వాననీరే చేస్తుంది. ఈ మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఉంది. దాని పొరల మధ్యకు నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. మా పాత ఇంటి కింద నీడలో మట్టి తేమగానే ఉంది. కొత్త స్తంభాల కింద ఎండిపోయింది. అందుకే ఒక పక్క కుంగింది.

ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున గుండ్రంగా ఉబ్బి ఉండే కాంక్రీటు కాళ్లను రూపొందించింది. ఉబ్బు వ్యాసం సాధారణంగా కాడ వ్యాసానికి రెండున్నర రెట్లు ఉంటుంది. లోతైన నల్లరేగడిలో ఇవి కనీసం 3.5 మీటర్లు దిగాలి. అక్కడ ఎండావానల ప్రభావం దాదాపు ఉండదు.

ఎత్తుకూ హద్దు ఉంది

పొడవైన చీపురుపుల్లను నిలబెట్టి నొక్కండి, వంగిపోతుంది. పొట్టి ముక్క వంగదు. స్తంభమూ అంతే. ఇటుక స్తంభం ఎత్తు దాని మందానికి 12 రెట్లు దాటరాదని మన ప్రమాణం. 23 సెం.మీ. స్తంభానికి హద్దు 276 సెం.మీ. పై కొన కదలకుండా పట్టి ఉంచే ఆధారం లేకపోతే ఎత్తును రెట్టింపుగా లెక్కించాలి. అంటే 138 సెం.మీ. దాటకూడదు.

చివరికి మేము గది విప్పించి, ఉబ్బు కాళ్లపై మళ్లీ కట్టించాం. ఈసారి పాత గోడకు కలపకుండా సన్నని సందు వదిలాం. పాత ఇల్లు ఇప్పటికీ వేసవిలో కాస్త కదులుతుంది, కొత్త గది కదలదు. ఆ తేడా సందులోనే సర్దుకుంటుంది. గోడ పగలదు.

చేసి చూడండి: రెండు గాజు గ్లాసుల్లో ఒకే ఎత్తుకు పొడి ఇసుక, పొడి నల్లరేగడి పొడి పోయండి. మట్టం దగ్గర గీత పెట్టి, నిండా నీళ్లు పోసి మర్నాడు చూడండి. ఏది గీత దాటింది? మీ ఇంటి కింద ఉన్నది ఆ రెంటిలో ఏది?