విండోస్ సర్వర్‌పై సిగ్‌విన్ పరికరాలు: వాడుకరి అనుమతుల సమస్యలు - పరిశీలన

వ్యాససంగ్రహం:
విండోస్ సర్వర్‌పై యూనిక్స్ తరహా పరికరాలను వాడేటప్పుడు తలెత్తే అనుమతుల సమస్యలను సిగ్‌విన్ ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యూనిక్స్ ఆదేశాలు తెరపై చూపే అనుమతులు విండోస్‌లోని అసలు అనుమతుల పట్టికకు అనువాదం మాత్రమేనని, చిక్కు వచ్చినప్పుడు అనువాదాన్ని వదిలి మూలాన్ని చదవాలని ఇందులో ఉదాహరణలతో నిరూపించడం జరిగింది.

కీలకపదాలు: సిగ్‌విన్, విండోస్ సర్వర్, అనుమతుల పట్టిక, ఎస్‌ఐడీ, ఆర్‌సింక్, భద్రత.

1. ఉపోద్ఘాతం

ఒక విశ్వవిద్యాలయ శాఖను ఊహించుకుందాం. శాఖకు ఒక విండోస్ సర్వర్ ఉంది. శాసనాలపై పరిశోధన చేస్తున్న విద్యార్థిని తన లినక్స్ ల్యాప్‌టాప్‌లోని ఛాయాచిత్రాలను, పాఠాలను ఆర్‌సింక్ అనే ఆదేశంతో ఆ సర్వర్‌కు పంపింది. అటువైపు వాటిని అందుకున్నది సిగ్‌విన్. మర్నాడు పర్యవేక్షకుడు తన గదిలోని కంప్యూటరు నుంచి ఆ ఫోల్డరు తెరవబోతే "మీకు అనుమతి లేదు" అన్న సందేశం వచ్చింది. సర్వర్ బాధ్యత చూసే ఉద్యోగి తొందరలో శాఖ ఫోల్డరు మొత్తానికి సీహెచ్‌మాడ్ ఆదేశంతో 777 అనుమతి ఇచ్చాడు. ఛాయాచిత్రాలు తెరుచుకున్నాయి. వాటితోపాటు అదే ఫోల్డరులో మరోచోట ఉన్న అంతర్గత పరీక్షల మార్కుల పట్టికలు కూడా సర్వర్‌లో ఖాతా ఉన్న ప్రతి ఒక్కరికీ తెరుచుకున్నాయి.

ఇందులో విద్యార్థిని తప్పు లేదు. ఆర్‌సింక్ తప్పూ లేదు. రెండు వేర్వేరు వ్యవస్థల మధ్య జరిగిన అనువాదాన్ని మూలమని భ్రమించడమే ఇక్కడి పొరపాటు.

2. రెండు వ్యవస్థలు

యూనిక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని, ఒక సమూహం ఉంటాయి. మిగిలినవారంతా మూడో వర్గం. ఒక్కో వర్గానికి చదవడం, రాయడం, అమలుచేయడం అనే మూడు అనుమతులు. మొత్తం తొమ్మిది అక్షరాలలో సంగతంతా ముగుస్తుంది. 1993లో వెలువడిన విండోస్ ఎన్‌టీ ఇందుకు పూర్తిగా భిన్నమైన దారి తొక్కింది. అక్కడ ప్రతి ఫైలుకూ ఒక అనుమతుల పట్టిక ఉంటుంది. అందులో ఎన్ని పద్దులైనా ఉండవచ్చు. ఒక్కో పద్దు ఒక ఖాతాకో సమూహానికో ఫలానా హక్కు ఇస్తుంది, లేదా నిరాకరిస్తుంది. పై ఫోల్డరు నుంచి పద్దులు వారసత్వంగా కూడా సంక్రమిస్తాయి.

1995లో సిగ్నస్ సొల్యూషన్స్ సంస్థలో మొదలైన సిగ్‌విన్, యూనిక్స్ కోసం రాసిన ప్రోగ్రాములను విండోస్‌పై నడిపే వారధి. అది తన సొంత అనుమతులను ఎక్కడా దాచుకోదు. చూపమన్నప్పుడు విండోస్ పట్టికను తొమ్మిది అక్షరాలుగా కుదిస్తుంది. మార్చమన్నప్పుడు ఆ తొమ్మిది అక్షరాలను తిరిగి పట్టికగా విస్తరిస్తుంది. తుది నిర్ణయం మాత్రం ఎప్పుడూ విండోస్ కెర్నెల్‌దే. సుదీర్ఘ వచనాన్ని ఒక ద్విపదలోకి కుదించి, ఆ ద్విపద నుంచే మళ్లీ వచనాన్ని రాబట్టబోతే ఏమి జారిపోతుందో సాహిత్య విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు.

3. పేరు వెనుక సంఖ్య

విండోస్ ఖాతాను పేరుతో కాక ఎస్‌ఐడీ అనే పొడవైన భద్రతా గుర్తింపుతో ఎరుగుతుంది. యూనిక్స్ పరికరాలకు కావలసింది ఒక చిన్న పూర్ణసంఖ్య. పాత సిగ్‌విన్‌లో ఈ రెండింటి జోడింపును పాస్‌వర్డ్, గ్రూప్ అనే రెండు పాఠ్య ఫైళ్లలో నిర్వాహకుడే రాసి ఉంచవలసి వచ్చేది. 2015లో వచ్చిన 1.7.34 కూర్పు నుంచి సిగ్‌విన్ నేరుగా విండోస్ ఖాతాల నిధినే అడిగి తెలుసుకుంటోంది. ఎస్‌ఐడీ చివరి భాగానికి ఒక స్థిరసంఖ్యను కలుపుతుంది. సర్వర్‌లోని స్థానిక ఖాతాలకు ఆ స్థిరసంఖ్య 196608. సర్వర్ చేరి ఉన్న డొమైన్‌లోని ఖాతాలకు 1048576. కనుక చివరి భాగం 1001గా ఉన్న స్థానిక ఖాతా 197609గా కనిపిస్తుంది. డొమైన్ వాడుకరుల సమూహం చివరి సంఖ్య 513 కాబట్టి అది 1049089 అవుతుంది. సంఖ్యను చూసి ఖాతా ఏ వర్గానిదో చెప్పగలగడం చిన్న నేర్పే కాని, ఎంతో శ్రమను తప్పిస్తుంది.

ఇక్కడ తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. సిగ్‌విన్‌ను కొత్త కూర్పుకు మార్చినా పాత పాస్‌వర్డ్ ఫైలు అలాగే మిగిలిపోతుంది. సహజ అమరికలో సిగ్‌విన్ ముందు ఆ ఫైలునే చూసి, తర్వాతే విండోస్‌ను అడుగుతుంది. దానితో ఎప్పటివో పద్దులు ఇప్పటి ఖాతాలకు తప్పు సంఖ్యలు తగిలిస్తాయి. ఫైలును తొలగించేముందు దాని నకలు ఒకటి పక్కన ఉంచుకోవాలి. తొలగించాక సిగ్‌విన్ ప్రక్రియలన్నింటినీ ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

యజమాని పేరు ఉండవలసిన చోట 'అన్‌నోన్ యూజర్' అని కనిపిస్తే ఆ ఎస్‌ఐడీకి పేరు దొరకలేదని అర్థం. ఖాతాను తొలగించి ఉండవచ్చు, డిస్కు మరో యంత్రం నుంచి వచ్చి ఉండవచ్చు, డొమైన్ సర్వర్ ఆ సమయానికి అందుబాటులో లేకపోయి ఉండవచ్చు. మూడో కారణమైతే కాసేపు ఆగడమే చికిత్స. ఆ తేడా తెలియక యజమానిని మార్చేస్తే, నిజమైన యజమాని తిరిగి రాగానే తన ఫైళ్లకు తానే పరాయి అవుతాడు.

4. తొమ్మిది అక్షరాలు చెప్పనివి

ఎల్‌ఎస్ ఆదేశం చూపే తొమ్మిది అక్షరాల చివర కొన్నిసార్లు కూడిక గుర్తు కనిపిస్తుంది. చాలామంది దానిని పట్టించుకోరు. పట్టికలో యజమాని, సమూహం, ఇతరులు కాక మరికొన్ని పద్దులు ఉన్నాయని ఆ గుర్తు చెబుతోంది. ఆ గుర్తు ఉన్నచోట మధ్యలోని మూడు అక్షరాలు సమూహం హక్కులని అనుకోకూడదు. అదనపు పద్దులన్నింటికీ వర్తించే గరిష్ఠ పరిమితి అవి. దీనిని ముసుగు అనవచ్చు. ముసుగును సున్నా చేస్తే అదనపు పద్దులు పట్టికలో ఉండీ పనిచేయవు. గెట్‌ఎఫ్‌ఏసీఎల్ ఆదేశం ఈ పద్దులను యూనిక్స్ భాషలో విడివిడిగా చూపిస్తుంది. విండోస్ సొంత ఆదేశం ఐసీఏసీఎల్‌ఎస్ మూలాన్ని యథాతథంగా చూపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదవడం ఉత్తమం.

శాసనాల ఫోల్డరుకు జరిగింది ఇదే. ఆర్‌సింక్‌కు ఇచ్చే 'మైనస్ ఏ' అనే సూచనలో అనుమతులను కూడా యథాతథంగా తీసుకువెళ్లమనే ఆజ్ఞ ఇమిడి ఉంది. విద్యార్థిని ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డరు అనుమతి 700, అంటే యజమానికి తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. సొంత ల్యాప్‌టాప్‌లో అది మంచి అలవాటే. సర్వర్‌లో సిగ్‌విన్ ఆ 700ను నమ్మకంగా అనువదించింది. శాఖ సమూహానికి పై ఫోల్డరు నుంచి రావలసిన హక్కు ముసుగు కింద పడిపోయింది.

ఇలాంటి ఫోల్డరును విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే రెండు వింతలు కనిపిస్తాయి. ఒకటి, ఎవరికీ చెందని శూన్య ఎస్‌ఐడీ పేరిట ఒక పద్దు. ముసుగు విలువను దాచడానికి సిగ్‌విన్ వాడుకునే చోటు అది. చొరబాటుదారు గుర్తు కాదు. రెండోది, అనుమతుల వరుస సరిగా లేదని, సరిచేయమంటారా అని వచ్చే హెచ్చరిక. నిరాకరించే పద్దులన్నీ ముందు, ఇచ్చేవి తర్వాత ఉండాలన్నది విండోస్ సంప్రదాయం. కెర్నెల్‌కు ఆ పట్టింపు లేదు; పద్దులను ఉన్న వరుసలోనే చదువుకుంటూ పోతుంది. యూనిక్స్ అనుమతులలో కొన్నింటిని ఆ సంప్రదాయ వరుసలో రాయడం సాధ్యం కాదు కనుక సిగ్‌విన్ దానిని అతిక్రమిస్తుంది. హెచ్చరికకు సరేనన్నామా, వరుస మారుతుంది. వరుసతోపాటు అర్థమూ మారుతుంది.

ఇంతకంటె ప్రమాదకరమైన తేడా మరొకటి ఉంది. యూనిక్స్‌లో పై ఫోల్డరుకు తాళం వేస్తే లోపలి ఫైళ్లన్నీ భద్రం. దారిలో ఒక్క ఫోల్డరులోకి ప్రవేశం లేకున్నా అంతకు లోపలికి చేరడం అసాధ్యం. విండోస్‌లో దారి తనిఖీని దాటవేసే హక్కు సహజ అమరికలో అందరికీ ఉంటుంది. పూర్తి దారి పేరు తెలిసినవారు, మధ్యలోని ఫోల్డరును తెరిచి చూడలేకపోయినా, లోపలి ఫైలు సొంత పట్టిక అనుమతిస్తే దానిని నేరుగా తెరవగలరు. యూనిక్స్ అలవాటుతో పై ఫోల్డరుకు మాత్రమే 700 ఇచ్చి ప్రశ్నపత్రం భద్రంగా ఉందనుకునేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. వీధి తలుపు మూసినంత మాత్రాన లోపలి గదులకు గడియ పడదు.

అమలు అనుమతి విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. విండోస్‌లో ప్రోగ్రాములకే కాదు, అవి పిలుచుకునే డీఎల్‌ఎల్ ఫైళ్లకు కూడా అమలు హక్కు ఉండాలి. 644 అనుమతితో నకలైన డీఎల్‌ఎల్ వల్ల ప్రోగ్రాము కారణం స్పష్టంగా చెప్పకుండానే ఆగిపోతుంది.

5. ప్రక్రియ ఎవరి పేరిట నడుస్తోంది?

పట్టిక సరిగానే ఉన్నా అనుమతి నిరాకరణ జరగవచ్చు. అప్పుడు చూడవలసింది అడుగుతున్నది ఎవరన్నది. విండోస్‌లో లాగిన్ అయిన క్షణంలోనే వాడుకరి సమూహాలన్నీ ఒక టోకెన్‌లో నమోదవుతాయి. ఆ తర్వాత కొత్త సమూహంలో చేర్చినా పాత టోకెన్‌కు ఆ సంగతి తెలియదు. పూర్తిగా బయటకు వచ్చి మళ్లీ లాగిన్ కావాలి. సేవగా నడిచే ప్రోగ్రామైతే దానిని ఆపి మళ్లీ నడపాలి. సిగ్‌విన్ 'ఐడీ' ఆదేశం, విండోస్ 'హూయామ్‌ఐ' ఆదేశం ప్రస్తుత టోకెన్‌లో ఏమున్నదో చూపుతాయి.

నిర్వాహకుల విషయంలో ఇంకొక మెలిక ఉంది. నిర్వాహకుల సమూహంలో ఉన్నవారు సైతం మామూలుగా తెరిచిన కిటికీలో సగటు వాడుకరులే. 'అడ్మినిస్ట్రేటర్‌గా నడుపు' అని తెరిస్తేనే పూర్తి హక్కులు వస్తాయి. ఐడీ ఆదేశం చూపే సమూహాలలో 544 ఉంటే హక్కులున్న కిటికీ అని గుర్తు. అటువంటి కిటికీలో సిగ్‌విన్, బ్యాకప్ కోసం ఉద్దేశించిన ప్రత్యేకాధికారాలను కూడా వినియోగించుకొని పట్టికను దాటి ఫైలును తెరుస్తుంది. అందుకే నోట్‌ప్యాడ్ తెరవలేని ఫైలును అదే నిర్వాహకుడు సిగ్‌విన్‌లో చదవగలుగుతాడు. "నాకు బాగానే తెరుచుకుంటోంది" అని నిర్వాహకుడు చెప్పే మాట అబద్ధం కాదు. అయితే అది వాడుకరి ఫిర్యాదుకు జవాబూ కాదు. పరీక్ష ఎప్పుడూ ఫిర్యాదు చేసినవారి ఖాతాతోనే చేయాలి.

ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరం నుంచి వచ్చే వాడుకరుల సంగతి దీనికి కొనసాగింపు. సంకేతపదంతో లాగిన్ అయితే వచ్చే టోకెన్‌తో ఇతర సర్వర్లలోని పంచుకున్న ఫోల్డర్లనూ చేరవచ్చు. తాళంచెవుల జతతో లాగిన్ అయితే సంకేతపదం విండోస్‌కు అందదు. ఆ టోకెన్ ఈ సర్వర్ వరకే చెల్లుతుంది. స్థానిక డిస్కుపై అన్నీ సాఫీగా సాగి, నెట్‌వర్క్ ఫోల్డరు దగ్గర మాత్రమే నిరాకరణ ఎదురైతే మొదట అనుమానించవలసింది దీనినే. ఆ ఫోల్డరు అనుమతులను ఎంత మార్చినా ఫలితం ఉండదు. 'పాస్‌వర్డ్ మైనస్ ఆర్' ఆదేశంతో సంకేతపదాన్ని సర్వర్‌లో భద్రపరచడం ఒక మార్గం. అది రిజిస్ట్రీలో గుప్తంగానే ఉన్నా, నిర్వాహకాధికారం చేజిక్కించుకున్నవారికి దొరికే అవకాశం ఉంది కనుక విచక్షణతో వాడాలి.

6. మరమ్మతు

ఏ మార్పు చేసేముందైనా ఉన్న పట్టికలను ఐసీఏసీఎల్‌ఎస్ ఆదేశానికి 'సేవ్' సూచన చేర్చి ఒక ఫైలులో భద్రపరచుకోవాలి. నిమిషాలలో అయ్యే పని; ఎక్కువమంది చేయనిదీ ఇదే. పని బెడిసికొడితే 'రిస్టోర్' సూచనతో పాత పట్టికలు తిరిగి వస్తాయి.

శాసనాల ఫోల్డరు విషయంలో 777 అవసరమే లేదు. శాఖ ఫోల్డరు పట్టిక మొదటినుంచీ సక్రమంగా ఉంది. చెడింది శాసనాల ఉపఫోల్డరు ఒక్కటే. దానికి మాత్రమే ఐసీఏసీఎల్‌ఎస్ 'రీసెట్' సూచన ఇస్తే ముసుగు, శూన్య ఎస్‌ఐడీ తొలగి పైనుంచి వారసత్వ పద్దులు దిగివస్తాయి. ఉద్దేశపూర్వకంగా ఇచ్చిన మినహాయింపులు అందులో ఉంటే అవి కూడా పోతాయి కాబట్టి ముందే చూసుకోవాలి. ఉద్యోగి తొందరలో చేసిన 777ను వెనక్కి తీసుకోవడమే కష్టం. పట్టికలను ముందు భద్రపరచలేదు కనుక మార్కుల ఫోల్డరుకు పూర్వం ఎవరెవరికి ఏ హక్కులుండేవో బాధ్యులను అడిగి ఒక్కొక్కటిగా తిరిగి రాయాలి.

ఇది పునరావృతం కాకుండా రెండు ఏర్పాట్లు ఉన్నాయి. విద్యార్థిని వైపు ఆర్‌సింక్‌లో అనుమతులు, యజమాని, సమూహం మోసుకురావద్దని సూచించాలి. సర్వర్ వైపు సిగ్‌విన్ ఎఫ్‌స్ట్యాబ్ ఫైలులో పంచుకున్న డిస్కుకు 'నోఏసీఎల్' అని రాయాలి. అప్పుడు సిగ్‌విన్ పట్టికల జోలికి పోదు. సీహెచ్‌మాడ్ ఆదేశం చదవడానికి మాత్రమే అన్న పాత డాస్ గుర్తును తప్ప మరేదీ మార్చలేదు. కొత్త ఫైళ్లకు విండోస్ వారసత్వమే వర్తిస్తుంది. ఎమ్‌సిస్2, గిట్ ఫర్ విండోస్ సహజంగానే ఈ అమరికతో వస్తాయి. గిట్ కిటికీలో సీహెచ్‌మాడ్ ఎన్నిసార్లు ఇచ్చినా అనుమతులు మారడం లేదన్న ఫిర్యాదుకు కారణం ఇదే. వాడుకరుల ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులు ఉండే హోమ్ ఫోల్డర్లకు మాత్రం నోఏసీఎల్ పెట్టకూడదు. అక్కడ 600, 700 అనుమతులు నిజంగా పట్టికలోకి ఎక్కవలసిందే.