మూడు వాట్ల ఊపిరి

కరెంటు పుట్టే గడ్డ మీద కూడా ఒక్క గాలివానకు ఇళ్లలోని చేపల తొట్లు ఊపిరాడని పరిస్థితిలో పడతాయి. వాటిని కాపాడేందుకు పెద్ద ఇన్వర్టర్ అక్కర్లేదు. మన చేత్తో అమర్చుకోగల చిన్న బ్యాటరీ పెట్టె చాలు.

ఉత్తర తెలంగాణలో విద్యుత్ ఉత్పత్తికి లోటు లేదు. రామగుండంలో ఎన్టీపీసీ తొలి యూనిట్ 1983లో మొదలైంది. 2004 నాటికి ఆ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి సంస్థ 1,200 మెగావాట్ల కేంద్రాన్ని నడుపుతోంది. 2022 జులై నాటికి రామగుండం జలాశయం నీటి మీదే 100 మెగావాట్ల సౌర ఫలకాలు పూర్తిగా పనిలోకి వచ్చాయి. 2024 మార్చి 4న ఆదిలాబాద్ సభలో ప్రధానమంత్రి జాతికి అంకితం చేసిన పనుల్లో తెలంగాణ సూపర్ థర్మల్ ప్రాజెక్టు రెండో 800 మెగావాట్ల యూనిట్ కూడా ఉంది. ఇంత ఉన్నా, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే పెద్దపల్లిలోనైనా, ఉట్నూరులోనైనా కరెంటు పోతుంది. దీనికి ఉత్పత్తితో సంబంధం లేదు. వేప కొమ్మ విరిగి తీగ మీద పడుతుంది, స్తంభం ఒరుగుతుంది, ఇన్సులేటర్ పగులుతుంది. లైన్‌మన్ ఆ చీకట్లో, ఆ వానలో వెతుక్కుంటూ వెళ్లి బాగుచేయాలి. వేళాపాళా లేని కోతల కాలం దాటి వచ్చాం, నిజమే. కానీ చివరి స్తంభానికీ మన ఇంటికీ మధ్య ఉన్న తీగ మాత్రం ఇప్పటికీ గాలికి లోబడే ఉంది. ఫ్యాను ఆగితే మనిషి వాకిట్లోకొచ్చి కూర్చుంటాడు. అద్దాల తొట్టెలోని చేపకు ఆ వీలు లేదు. అందుకే ఇంట్లో అక్వేరియం పెట్టుకున్న ప్రతి ఒక్కరూ దాని గాలి పంపుకు సొంతంగా ఒక బ్యాటరీ ఆసరా అమర్చుకోవాలి. దాన్ని అవసరానికి తగ్గ కొలతలోనే, వీలైతే తమ చేత్తోనే అమర్చుకోవాలి.

అర గ్రాము ఆక్సిజన్

ముందుగా తొట్టెలో ఉన్న నిల్వ ఎంతో చూద్దాం. నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది; 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు, 35 డిగ్రీల దగ్గర ఏడుకు దిగుతుంది. రెండడుగుల తొట్టెలో 60 లీటర్ల నీళ్లు ఉన్నాయనుకుంటే, 30 డిగ్రీల దగ్గర వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ మొత్తం అర గ్రాము కూడా కాదు. అందులోనూ అంతా చేపకు అక్కరకు రాదు. లీటరుకు 5 మిల్లీగ్రాముల కంటే తగ్గగానే చాలా చేపలు ఇబ్బంది పడటం మొదలవుతుంది. మరోవైపు చేప చల్లని రక్తపు ప్రాణి. నీటి వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ దాదాపు రెట్టింపవుతుంది. అంటే నిల్వ తగ్గే రోజుల్లోనే ఖర్చు పెరుగుతుంది. రామగుండంలో, ఆదిలాబాద్‌లో ఎండ 45 డిగ్రీలను తాకే రోజులూ, గాలివానకు తీగలు తెగే రోజులూ ఒకే రుతువులో వస్తాయి. రాత్రయితే తొట్టెలోని మొక్కలు కూడా ఆక్సిజన్ ఇవ్వడం మానేసి, తామే తీసుకుంటాయి. కరెంటు పోయిన మే నెల రాత్రి మామూలు అంతరాయం కాదనడానికి ఈ లెక్కే సాక్ష్యం.

దీనికి తోడు ఫిల్టర్ ఆగిపోతుంది. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమోనియాను ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఆ ఫిల్టర్‌లోని స్పాంజినీ, రాళ్లనూ పట్టుకుని బతుకుతుంది. దానికీ ఆక్సిజన్ కావాలి. నీటి ప్రవాహం గంటల తరబడి నిలిచిపోతే, మూసి ఉన్న డబ్బా ఫిల్టర్‌లో ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లిన నీళ్లు ఒక్కసారిగా తొట్టెలోకి వస్తాయి. నీళ్లలో క్షారగుణం, వేడి ఎక్కువైన కొద్దీ అమోనియా విషం మరింత పెరుగుతుంది. గ్రానైటు నేలల బోరు నీళ్లు వాడేవాళ్లు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. గాలి బుడగలతో నడిచే స్పాంజి ఫిల్టర్‌కు ఈ తిప్పలు లేవు. ఒక్క గాలి పంపు నడిస్తే చేపకు ఊపిరి, బ్యాక్టీరియాకు ప్రవాహం రెండూ దొరుకుతాయి. కాబట్టి లైటు, హీటరు, పెద్ద మోటరు అన్నీ పక్కన పెట్టి, ఒక్క గాలి పంపును కాపాడుకుంటే తొట్టెను కాపాడుకున్నట్టే. బుడగల్లోని గాలే నీళ్లలో కరిగి చేపకు అందుతుందనుకుంటాం గానీ, పైకి లేచే బుడగలు అడుగు నీటిని పైకి తెచ్చి, ఉపరితలాన్ని కదిలిస్తేనే ఎక్కువ ఆక్సిజన్ లోపలికి చేరుతుంది. అందుకే పంపు పెద్దది కానక్కర్లేదు. రెండడుగుల తొట్టెకు మూడు వాట్ల పంపు సరిపోతుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా?

మొదట వినిపించే మాట ఇదే. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో పంపును ఆ లైనుకు తగిలించుకోవడం మంచిదే, తప్పేం లేదు. అయితే లెక్క చూడాలి. ఏ బరువూ మోయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నందుకే ఇంటి ఇన్వర్టర్ పది, ఇరవై వాట్లు తినేస్తుంది. మూడు వాట్ల పంపు కోసం అంతకు ఎన్నో రెట్లు వృథా చేయడం అన్నమాట. పైగా కరెంటు పోయిన రాత్రి అదే బ్యాటరీ మీద ఫ్యాన్లు, లైట్లు, టీవీ అన్నీ నడుస్తాయి. నాలుగైదు గంటలకు అది చతికిలబడితే మనుషుల ఉక్కపోతతో పాటే చేపల ఊపిరీ ఆగుతుంది. అందరికంటే ఎక్కువసేపు నిలవాల్సిన దాన్ని అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టేవాటితో కలిపి కట్టకూడదు. ఇక చేపల తొట్టె కోసమే కొత్తగా ఇన్వర్టర్ కొనడం మరీ దుబారా.

సొంత బ్యాటరీ లెక్క చాలా చిన్నది. 12 వోల్టుల మీద మూడు వాట్ల డీసీ గాలి పంపు పావు ఆంపియర్ తీసుకుంటుంది. కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ సీసపు బ్యాటరీలో సగమే వాడుకున్నా, మూడున్నరను పావుతో భాగిస్తే 14 గంటలు వస్తుంది. సాయంత్రం పోయిన కరెంటు మర్నాడు ఉదయానికి వచ్చినా పంపు నడుస్తూనే ఉంటుంది. సగమే ఎందుకంటే, సీసపు బ్యాటరీని అడుగంటా వాడితే దాని ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది. ఈ బ్యాటరీ మన పల్లెలకు కొత్త వస్తువేమీ కాదు. ఆదిలాబాద్ పత్తి చేలలో వీపున వేసుకుని మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ లోపల ఉండేది కూడా ఎక్కువగా ఇలాంటి 12 వోల్టుల బ్యాటరీయే. దాని బాగోగులు తెలిసిన మెకానిక్ మండల కేంద్రంలోనే దొరుకుతాడు.

పెట్టెలో ఏముండాలి

రోజూ నడిచే 230 వోల్టుల పంపును బ్యాటరీకి తగిలిస్తే నడవదు. దాని లోపల సెకనుకు 100 సార్లు దిశ మారే కరెంటుకు ఒక అయస్కాంతం అటూఇటూ ఊగి రబ్బరు తిత్తిని కొడుతుంది. ఒకే దిశలో పారే బ్యాటరీ కరెంటుకు ఆ ఊపు రాదు. అందుకని పాత పంపును అలాగే ఉంచి, పక్కన చిన్న డీసీ పంపు పెట్టాలి. డీసీ పంపులోని మోటరు బ్రష్షులు అరిగిపోయేవి కాబట్టి, అది కరెంటు లేనప్పుడే పనిచేయడం మేలు. ఆ మార్పిడి చేసేది రిలే. పాత రౌటర్‌దో, సెట్‌టాప్ బాక్స్‌దో 12 వోల్టుల అడాప్టర్‌ను రిలే చుట్టకు కలుపుతారు. కరెంటు ఉన్నంతసేపు ఆ చుట్ట అయస్కాంతమై ఒక చిన్న రేకును లాగి పట్టుకుంటుంది. బ్యాటరీకీ పంపుకూ మధ్య దారి తెగి ఉంటుంది. కరెంటు పోగానే చుట్ట పట్టు వదులుతుంది, స్ప్రింగు రేకును వెనక్కి లాగుతుంది, ‘టిక్’మని దారి కలిసి పంపు మొదలవుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. రిలేకు ఒక అడాప్టర్, బ్యాటరీకి వేరే చార్జర్ ఉండాలి. రెండింటికీ ఒకటే వాడి నేరుగా కలిపేస్తే, కరెంటు పోయినా బ్యాటరీయే రిలేను పట్టి ఉంచుతుంది. పంపు మొదలే కాదు.

ఎప్పుడూ తగిలించి ఉంచే చార్జర్ 13.5 నుంచి 13.8 వోల్టుల మధ్య ఆగాలి. అంతకు మించి రోజుల తరబడి ఇస్తే సీసపు బ్యాటరీ ఎండిపోతుంది. బ్యాటరీ బాగా దిగిపోకముందే పంపును ఆపే కటాఫ్ సర్క్యూట్ పెట్టాలి. గాలి గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి. అది లేకుండా పంపును నీటి మట్టం కంటే కింద పెడితే, పంపు ఆగినప్పుడు తొట్టెలోని నీళ్లు గొట్టం గుండా వెనక్కి పారి పంపులోకీ, అక్కడి నుంచి బ్యాటరీ మీదికీ చేరతాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఖరీదెక్కువే, కానీ ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది, సగం దాటి కూడా వాడుకోవచ్చు. దానికి బ్యాటరీని అదుపులో ఉంచే బీఎంఎస్ బోర్డు, దానికే సరిపడే చార్జర్ ఉండాలి. ఏ రకమైనా ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టకూడదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీల వేడికీ సీసపు బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

ప్రమాదం కాదా?

నీళ్లూ కరెంటూ కలిసే చోట సొంత ప్రయోగాలు ప్రమాదమని అనేవాళ్ల మాటను తేలిగ్గా తీసుకోకూడదు. దానికి జవాబు హద్దులు గీసుకోవడమే. 230 వోల్టుల వైపు మన చేయి పడకూడదు. గోడ ప్లగ్గులో ఉండేవి రెండూ కొన్న వస్తువులే అయి ఉండాలి, మంచి అడాప్టర్, మంచి చార్జర్. మనం కలిపే తీగలన్నీ 12 వోల్టుల వైపే ఉండాలి. షాకు భయం అక్కడ లేదు గానీ, నిప్పు భయం ఉంది. ఆ చిన్న బ్యాటరీ తీగలు ఒకదానికొకటి తగిలినా అవి ఎర్రగా కాలి అంటుకోగలవు. అందుకే బ్యాటరీ పాజిటివ్ కొనకు ఆనుకునే రెండు ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. సీసపు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడవచ్చు కాబట్టి గాలి చొరని డబ్బాలో బిగించకూడదు. తొట్టె నుంచి వచ్చే ప్రతి తీగనూ ప్లగ్గుకు చేరేముందు కిందికి వంపు తిప్పితే, జారే నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఇవి చేతకాకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్ సాయం తీసుకోవాలి. కానీ ఏ తీగ ఎందుకుందో ఇంటివాళ్లు అడిగి తెలుసుకోవాలి. అర్ధరాత్రి పంపు ఆగిపోతే చూడాల్సింది వాళ్లే కదా.

పవర్‌బ్యాంకుకు తగిలించే చిన్న పంపులు దొరుకుతున్నాయిగా అన్నది ఇంకో ప్రశ్న. ఏమీ లేనిదానికంటే అవి చాలా నయం. అయితే చాలా పవర్‌బ్యాంకులు పంపు తీసుకునే కరెంటు మరీ తక్కువగా ఉంటే ఫోను నిండిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి. ఎవరో వచ్చి స్విచ్ వేస్తే గాని కొన్ని మొదలే కావు. ఇల్లంతా పెళ్లికి వెళ్లిన రాత్రి కరెంటు పోతే స్విచ్ వేసేదెవరు? చెంబుతో నీళ్లు తీసి పైనుంచి పోయడం కూడా మంచి ఉపాయమే, నీటి పైపొర కదులుతుంది, ఆక్సిజన్ చేరుతుంది. కాకపోతే అది మెలకువగా ఉన్న మనిషి ఉపాయం. మనిషి లేనప్పుడు తనంతట తాను మొదలయ్యేదే అసలైన ఆసరా.

చేపల కోసం ఇంత అవసరమా?

చేపలన్నిటికీ అవసరం ఒకేలా ఉండదన్నది నిజం. మన రాష్ట్ర చేప కొర్రమీను నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది. ఫైటర్, గౌరామి చేపలకూ అలా గాలి పీల్చుకునే అవయవం ఉంది. గోల్డ్‌ఫిష్‌కు, కోయి కార్ప్‌కు లేదు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది గోల్డ్‌ఫిష్షే. తొట్టెలో చేపలు తక్కువగా ఉంచితే పంపు ఆగినా ఎక్కువసేపు నిలుస్తాయన్నదీ సరైన మాటే. ఏ బ్యాటరీ అయినా కిక్కిరిసిన తొట్టెకు మందు కాదు. చేపలు తగ్గించుకోవడం మొదటి పని, బ్యాటరీ రెండో పని. ఒకటి చేశాం కదా అని రెండోది మానకూడదు. మానేరు డ్యామ్‌లో నీళ్లు వేడెక్కితే చేప లోతుకు పోతుంది, గాలి తగిలే చోటికి ఈదుతుంది. అద్దాల మధ్య ఆ దారి మూసింది మనమే. దాని నీళ్లు, తిండి, వేడి, గాలి అన్నీ మన చేతిలోకి తీసుకున్నప్పుడు, కరెంటు పోయింది, నేనేం చేయను అనే మాట చెల్లదు. ఆ గాలి విలువ మూడు వాట్లు. సీసపు బ్యాటరీ వెల వెయ్యి రూపాయలకు అటూ ఇటూ.

తమ కరెంటు సంగతి తామే చూసుకోవడం ఈ ప్రాంతానికి అలవాటైన పనే. సిరిసిల్లలో 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘం, సెస్, ఇన్నేళ్లుగా సభ్యుల సొంత సంస్థగా మరమగ్గాలకూ, మోటర్లకూ, ఇళ్లకూ కరెంటు ఇస్తోంది. దాని ముందు చేపల తొట్టె పెట్టె ఎంతో చిన్నది. కానీ వాడుకునేవాళ్లే తమ అవసరాన్ని కొలిచి, తమ ఏర్పాటును తామే నడుపుకోవడం రెండింటిలోనూ ఉంది. కాబట్టి ఈదురుగాలుల కాలం రాకముందే, మార్చిలోనే పెట్టె సిద్ధం చేసుకోవాలి. నెలకోసారి రిలే అడాప్టర్‌నూ చార్జర్‌నూ గోడ నుంచి పీకి, పంపును రెండు గంటలు నడిపి, ఆపి, కాసేపాగి వోల్టేజి చూడాలి. నిండుగా ఉన్న సీసపు బ్యాటరీ 12.7 వోల్టుల దగ్గర ఉంటుంది, సగమైతే 12.2కు వస్తుంది. రెండు గంటలకే సగానికి దిగిందంటే దాని పని అయిపోయినట్టే. పాతదాన్ని చెత్తబుట్టలో వేయకుండా, కొత్తది కొన్న దుకాణంలోనే అప్పగించాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. తీగ తెగకుండా చూడటం విద్యుత్ సంస్థ పని; తెగిన రాత్రి తొట్టెలో బుడగ ఆగకుండా చూడటం చేపను ఇంటికి తెచ్చినవాళ్ల పని.