ఒకే ఆదాయంపై ఆధారపడితే? - పర్యాటకం చూపే దారి

ఖరగ్‌పూర్ బెంగాల్ నాగపూర్ రైల్వేతో పెరిగిన పట్టణం. వర్క్‌షాపులోనూ, లోకో షెడ్డులోనూ పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. తండ్రి రైల్వేలో ఉంటే కొడుకూ అందులోనే చేరాలని ఇంట్లో ఆశించడం సహజం. కాని 1991లో సుమారు 16.5 లక్షలున్న భారతీయ రైల్వే ఉద్యోగుల సంఖ్య 2023 నాటికి సుమారు 12 లక్షలకు తగ్గింది. బొగ్గు వేసే మనిషి అవసరం ఆవిరి ఇంజనుతోనే పోయింది కదా! మరి ఒకే సంస్థను నమ్ముకున్న ఊరు ఏం చేయాలి?

చమురు దేశాలకూ ఇదే ప్రశ్న ఎదురైంది. దుబాయిలో 1966లో చమురు దొరికింది. నిల్వలు తక్కువని గ్రహించి, ఆ డబ్బును రేవులకు, విమానాశ్రయానికి వెచ్చించారు. 1979లో జెబెల్ అలీ రేవు, 1985లో ఎమిరేట్స్ విమాన సంస్థ వచ్చాయి. 2023లో సుమారు 1 కోటి 70 లక్షల మంది పర్యాటకులు అక్కడికి వెళ్లారు. ఆదాయ మార్గాలను ఇలా పెంచుకోవడాన్నే ఆర్థిక వైవిధ్యీకరణ అంటారు. డబ్బు చేతిలో ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టాలన్నది ఇందులోని పాఠం.

పర్యాటకుని రూపాయి ఎలా పెరుగుతుంది?

పర్యాటకుడు హోటలులో 100 రూపాయలు ఖర్చు చేశాడనుకుందాం. అందులో 60 రూపాయలు స్థానిక కూరగాయల వ్యాపారికి, వంటవాడికి చేరితే, వారు మళ్లీ 36 రూపాయలు ఊళ్లోనే ఖర్చు చేస్తారు. ఈ శ్రేణి మొత్తం 250 రూపాయలు. ఊళ్లో నిలిచేది 30 శాతమే అయితే మొత్తం సుమారు 143 రూపాయలే. దీనిని గుణకం అంటారు. కాబట్టి ఎందరు వచ్చారన్నది ఒక్కటే చాలదు, ఎంత సొమ్ము ఊళ్లో నిలిచిందో కూడా చూడాలి.

ఖరగ్‌పూర్‌లో ఏముంది?

1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్ (1366 మీటర్లు), 2023లో హుబ్బళ్లి (1507 మీటర్లు) దానిని దాటాయి. రికార్డు చేజారవచ్చు గాని చరిత్ర చేజారదు. హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న జరిగిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. 1951లో ఆ భవనంలోనే దేశపు తొలి ఐ.ఐ.టి. ప్రారంభమైంది. నేడు అక్కడ నెహ్రూ విజ్ఞాన సాంకేతిక మ్యూజియం ఉంది. స్టేషనులో రైలు మారి వెళ్లిపోయే ప్రయాణికుడు ఇవి చూడటానికి ఒక్క రాత్రి ఆగితే గుణకం పనిచేయడం మొదలవుతుంది.

అయితే పర్యాటకమూ ఒడిదుడుకులు లేని రంగం కాదు. 2020లో కోవిడ్ వల్ల ప్రపంచమంతటా హోటళ్లు మూతపడ్డాయి. ఒక స్తంభాన్ని తీసి మరొకటి పెట్టడం వైవిధ్యీకరణ కాదు. రైల్వే, పరిశ్రమ, విద్య, పర్యాటకం కలిసి నిలిచినప్పుడే ఇంటికి భద్రత.

ఆలోచించండి: మీ ఊరి ప్రధాన ఆదాయం ఏది? అది సగానికి తగ్గితే ఏ కుటుంబాలు ముందుగా నష్టపోతాయి?