ఏడు తరాలు, ఏడు రాష్ట్రాలు: లింకన్ ఇంటివారి విశేషాలు

అబ్రహాం లింకన్ దుంగల ఇంట్లో పుట్టాడని చిన్నప్పటి నుంచీ పాఠాల్లో చదువుకున్నాం. ఆ ఇంటి వెనుక 172 ఏళ్ల వలస కథ ఉంది. తమదని ధీమాగా చెప్పుకోగల నాలుగెకరాల కోసం తరతరాలుగా నడుస్తూ పోయిన ఒక రైతు కుటుంబం కథ అది.

● అమెరికాలో ఈ వంశానికి మూలపురుషుడు సామ్యూల్ లింకన్. ఇంగ్లండులోని నార్ఫోక్‌లో హింగమ్ అతని ఊరు. 1637లో ఒక నేత యజమాని దగ్గర పని నేర్చుకునే కుర్రాడిగా ఓడెక్కి మసాచుసెట్స్ చేరాడు. ఓడ జాబితాలో అతనికి 18 ఏళ్లని రాశారు. ఊరి చర్చి పుస్తకం చూస్తే మాత్రం అప్పటికి 15 కూడా నిండలేదు.

● అతను స్థిరపడింది కూడా హింగమ్‌లోనే! వలస వచ్చినవాళ్లు కొత్త ఊరికి 1635లో తమ పాత ఊరి పేరే పెట్టుకున్నారు. ఆ ఊళ్లో నలుగురు థామస్ లింకన్‌లు ఉండేవారు. ఎవరు ఎవరో తెలియడానికి నేత థామస్, మిల్లు థామస్, పీపాల థామస్, రైతు థామస్ అని పిలిచేవారు. నేత థామస్ మన సామ్యూల్‌కు స్వయానా అన్న.

● పీపాల థామస్ వంశంలో పుట్టినవాడు జనరల్ బెంజమిన్ లింకన్. 1781లో యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేన లొంగిపోయినప్పుడు వాళ్ల కత్తిని అందుకున్నది ఆయనే. అక్కడ ఓడిన కారన్‌వాలిస్ తర్వాత మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. 1802 నుంచి మన సర్కారు జిల్లాల్లో జమీందారీలను స్థిరపరిచింది ఆ పద్ధతే.

● సామ్యూల్‌కు 11 మంది పిల్లలు. కొడుకు మొర్దెకై కమ్మరి. మనవడు చిన్న మొర్దెకై న్యూజెర్సీ మీదుగా పెన్సిల్వేనియాకు వెళ్లి, 1733లో రాతి ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లు ఇప్పటికీ నిలిచే ఉంది. అతని కొడుకు జాన్ 1768లో వర్జీనియాలోని షెనాండోవా లోయకు మారాడు.

● జాన్ కొడుకు కెప్టెన్ అబ్రహాం కెంటకీ అడవుల్లోకి వెళ్లాడు. అది స్థానిక తెగలు తరతరాలుగా వేటాడుకున్న నేల. అందుకే అక్కడ నెత్తురు చిందని ఏడాది లేదు. 1786లో పొలంలో పని చేస్తుండగా, ముగ్గురు కొడుకుల కళ్లెదుటే ఆయన ఆ తెగలవారి తుపాకి గుండుకు కూలిపోయాడు. పెద్దవాడు ఇంట్లోకి పరుగెత్తి తుపాకి తెచ్చి పేల్చకపోతే ఎనిమిదేళ్ల చిన్నవాడు థామస్ కూడా దక్కేవాడు కాదు. అబ్రహాం లింకన్‌కు తండ్రి ఈ థామసే.

● తండ్రి భూమి పెద్దకొడుకుకు పోయింది. థామస్ కూలి చేసుకుంటూ పెరిగాడు. కష్టపడి పొలాలు కొన్నా హక్కు నిలవలేదు. కెంటకీలో సర్కారు సర్వే లేకపోవడంతో చెట్టునో, వాగునో గుర్తుపెట్టి హద్దులు రాసుకునేవారు. ఒకే చెక్కకు ఇద్దరు ముగ్గురు హక్కుదారులు తేలేవారు. చివరికి 1816లో, సర్కారే కొలిచి అమ్ముతున్న ఇండియానాకు కుటుంబం తరలిపోయింది. బానిసత్వం కొంత కారణమైనా, అసలు కారణం హక్కుపత్రాల చిక్కేనని లింకన్ స్వయంగా రాశాడు. 1830లో మరో మజిలీ, ఇల్లినాయ్. దాంతో ఏడు రాష్ట్రాలు పూర్తయ్యాయి.

● తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వాళ్లకూ ఉంది. 1809లో పుట్టిన బిడ్డకు, పొలంలో ప్రాణం విడిచిన తాత పేరే పెట్టారు.

● ఇంత కథ ఉన్నా లింకన్‌కు తన మూలాలు సరిగా తెలియవు. పెన్సిల్వేనియా దాకా ఆనవాలు దొరికింది. మసాచుసెట్స్ లింకన్‌లతో పేర్లు కలుస్తున్నాయన్నంత వరకే ఆయన చెప్పగలిగాడు. 1848లో అక్కడి మాజీ గవర్నర్ లీవై లింకన్ ఇంట భోజనం చేశాడు. ఆతిథ్యమిచ్చిన ఆయన కూడా సామ్యూల్ వంశీకుడే. సామ్యూల్ దాకా వంశవృక్షం తేలింది లింకన్ మరణించాకే.

● 1862 మే 20న లింకన్ హోమ్‌స్టెడ్ చట్టంపై సంతకం చేశాడు. అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేసినవారికి 160 ఎకరాలు, నామమాత్రపు రుసుముతో, పట్టాతో సహా! పట్టా నిలవక ఊళ్లు మారిన తండ్రి కొడుకు చేసిన చట్టమిది. ఎన్నో పేద కుటుంబాలను అది నిలబెట్టింది. ఆ నేల మీద అంతకుముందు బతికిన తెగలను మాత్రం ఇంకా దూరానికి నెట్టింది. ఈ రెండూ నిజాలే, రెండూ గుర్తుంచుకోవాల్సినవే.

● లింకన్ సొంత సంతతి 1985లో, మునిమనవడి మరణంతో ముగిసింది.

దేశాన్ని ఏలినవాడికే తాత పేరు దాటితే వంశం తెలియలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారా? ఈ ఆదివారమే పక్కన కూర్చోండి. ఏ ఊరి నుంచి వచ్చారో, ఎందుకు వచ్చారో, ఏ పొలం ఎలా పోయిందో అడిగి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. మీ మనవలకు మీరిచ్చే ఆస్తి అదే.