నల్లతోలూ, నలభై ఏళ్ళ కళ్ళూ

మొన్నామధ్య మా అత్తగారి నల్లతోలు సంచి పిడి ఊడిపోతే, "బజారుకెందుకు, నేను కుడతాను" అని ముందుకు వచ్చాను. ఇరవై ఏళ్ళుగా జాకెట్లూ, పిల్లల గౌన్లూ కుట్టిన చెయ్యి కదా అని ధీమా. రాత్రి దీపం కింద కూర్చుని, పెన్సిలుతో చుక్కలు పెట్టి, ఆరెతో పొడిచేశాను. తెల్లవారి ఎండలో చూద్దును కదా, రంధ్రాలన్నీ పాము నడకలా వంకరలు పోయాయి. రెండుచోట్ల ఒకదానికొకటి ఆనుకుని తోలు చిరిగింది కూడాను. అత్తగారు కోప్పడలేదు. "నీకు చత్వారం వచ్చిందే అమ్మాయీ, ఒప్పుకోరాదూ" అన్నారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు!

గుడ్డమీద తప్పు కుడితే విప్పి మళ్ళీ కుట్టుకుంటాం. తోలుకు పడిన రంధ్రం మాత్రం పూడదు. అందుకని తోలుపనిలో కుట్టేటప్పటికంటే గుర్తు పెట్టేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి.

చత్వారం అన్న మాటలోనే నలభై ఉంది చూడండి. ఆ వయస్సుకు కంటిలోని కటకం బిరుసెక్కి, దగ్గరి వస్తువుకు తగ్గట్టు ఆకారం మార్చుకోలేదు. వయస్సుతోబాటు కంటిపాప కూడా చిన్నదై, లోపలికి వెళ్ళే వెలుతురు తగ్గుతుంది. నల్లతోలేమో పడిన వెలుతురును చాలావరకు తనే మింగేస్తుంది. ఇక దానిమీద పెన్సిలు చుక్క ఏం కనబడుతుంది చెప్పండి?

కనుక గుర్తులు తోలుమీద కాక, తెల్ల కాగితంమీద పెట్టుకోవాలి. పిల్లల గ్రాఫు కాగితంలోంచి ఒక పట్టీ కత్తిరించండి. అంచునుంచి 3 మిల్లీమీటర్ల లోపలికి గీత గీసి, ఆ గీతమీద 4 మిల్లీమీటర్లకొకటి, అంటే నాలుగు చిన్న గళ్ళకొకటి చొప్పున, సిరాతో చుక్కలు పెట్టండి. 10 సెంటీమీటర్లకు 26 చుక్కలు వస్తాయి. ఇంతకంటే దగ్గరగా పెడితే తోలు తపాలా బిళ్ళలా ఆ వరుసన చిరుగుతుంది. మూలలున్న చోట ముందుగా మూలకొక చుక్క పెట్టి, మిగిలినవి మధ్యలో సర్దుకోవాలి.

పట్టీ అంచును తోలు అంచుకు సరిగ్గా కలిపి, క్లిప్పులతో కదలకుండా పట్టించండి. ఒక్కొక్క చుక్కమీద ఆరె మొనతో కొద్దిగా నొక్కండి. గుచ్చేయకండి, నొక్కు పడితే చాలు. కాగితం తీసి, సుద్దపొడి వేలితో రుద్ది, పైపైన పొడిగుడ్డతో తుడవండి. నొక్కుల్లో పొడి నిలిచి, నల్లతోలుమీద ముత్యాల్లా తెల్లని చుక్కలు కనబడతాయి! అప్పుడు కింద చెక్కముక్క వేసి, ఆరెను నిలువుగా పట్టుకుని పొడవండి. రెండు ముక్కలు కలిపి కుట్టేదైతే, రెండింటిలోనూ రంధ్రాలు లెక్కపెట్టి సరిపోయాయో లేదో చూసుకోవాలి. పని అయ్యాక మిగిలిన సుద్దను తడిగుడ్డతో తుడిచేయవచ్చు. ముందు ఒక పనికిరాని ముక్కమీద చేసి చూడటం మరిచిపోకండి.

దీపం నెత్తిమీద ఉంటే నొక్కులు కనబడవు. పక్కన, తక్కువ ఎత్తులో పెట్టుకుంటే ప్రతి నొక్కుకూ నీడ పడుతుంది. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు వెనుక తెల్ల కాగితం పెట్టుకోండి.

కళ్ళజోడు పెట్టుకుంటే ముసలివాళ్ళమైపోతామని మనలో కొందరికి సంకోచం. నాకూ ఉండేది. పరీక్షకు వెళ్ళినప్పుడు కుట్టుపని ఎంత దూరంలో పెట్టుకుంటారో డాక్టరుకు కొలిచి చెప్పండి. పుస్తకం పట్టుకునే దూరం, కుట్టుపని దూరం ఒకటి కావు. దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడినా, కన్ను నొప్పి పెట్టి చూపు తగ్గినా అది చత్వారం కాదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. చక్కెర జబ్బు ఉన్నవారు ఏ బాధా లేకపోయినా ఏటా కళ్ళు చూపించుకోవాలి.

నేను కళ్ళజోడు వేయించుకుని, పిడి చిరిగిన చోట తోలు అతుకు వేసి, ఈ పద్ధతిలో మళ్ళీ కుట్టాను. అత్తగారికి శుక్లాలు ముదిరి చూపు మసక. సంచి ఒళ్ళో పెట్టుకుని కుట్లవెంట వేలు నడిపించారు. ఒకచోట ఆగి, "ఇక్కడ అతుకేశావు" అన్నారు. వరుస వంకరగా ఉందని మాత్రం అనలేదు. వచ్చేవారం ఆవిడను కంటి ఆసుపత్రికి తీసుకువెళుతున్నాను. ఆ సంచి పట్టుకునే వస్తారట.