కర్పు ఇంట్లో భద్రంగా ఉన్న అంగీ

రెండు నెలల అద్దె బాకీ పడింది. సాయంత్రం పని నుంచి వచ్చేసరికి గదికి యజమాని వేసిన కొత్త తాళం! బట్టలు, సర్టిఫికెట్లు, బైబిలు అన్నీ లోపలే. 'బాకీ కట్టి పట్టుకుపో' అన్నదే జవాబు. మన పట్టణాల్లో ఇది కొత్త సంగతేమీ కాదు. అయితే ఆ యజమాని ఆదివారం మన పక్కన కూర్చుని పాటలు పాడే విశ్వాసి అయితే?

బాకీ తీర్చవలసిందే. కాని అప్పిచ్చినవానికీ దేవుడు హద్దు గీశాడు. తాకట్టు కోసం బాకీదారుని ఇంట్లో చొరబడక బయటే నిలబడాలి, తిరగలిని తాకట్టు పట్టకూడదు, పేదవాని దుప్పటిని పొద్దుగుంకే వేళకు తిరిగివ్వాలి (ద్వితీ. 24:6, 10-13). నేటి తిరగలి ఒకరికి కుట్టుమిషను, మరొకరికి సర్టిఫికెట్ల కట్ట. తాకట్టు బట్టలపై బలిపీఠాల వద్ద పండుకున్నవారిని ఆమోసు గద్దించాడు (2:8). దేశ చట్టమూ ఊరుకోదు. ఇలా బలవంతంగా వెళ్లగొట్టబడినవాడు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేయవచ్చు.

పౌలు కూడా రోమాలో రెండేళ్లు అద్దె ఇంట్లో ఉన్నవాడే (అపొ. 28:30). త్రోయలో కర్పు వద్ద ఉంచిన తన అంగీని, పుస్తకాలను, చర్మపు కాగితాలను తెమ్మని ఆయన చెరలో నుంచి తిమోతికి రాశాడు (2 తిమోతి 4:13). కర్పు గురించి బైబిలు చెప్పేది ఇంతే. పరుల సామాను తన దగ్గర ఉన్నందుకే ఆయన పేరు లేఖనంలో నిలిచింది.

బాకీ అడుగుదాం, గడువిద్దాం, సంఘ పెద్దల ఎదుట కూర్చుని మాట్లాడుకుందాం. అయితే ఎవరి తాళంచెవైనా మన జేబులో ఉందా? పొద్దుగుంకక ముందే ఆ తలుపు తీద్దాం.